ఎటు పోదాం మాస్టారూ?

అడవులదీవి పేరులో అడవీ ఉంది, దీవీ ఉంది. ఇలాంటి పేరు దొరికితే రిసార్టుల వాళ్ళు బోర్డు మీద రాసుకుని మురిసిపోతారు. బాపట్ల జిల్లా నిజాంపట్నం మండలంలో, సముద్రానికి చేరువలో ఉందీ ఊరు. చుట్టుపక్కల మడ అడవులు, ఉప్పుటేర్లు, రొయ్యల చెరువులు. హైదరాబాద్ జనం రాత్రంతా ప్రయాణం చేసి సూర్యలంకకు వచ్చి, మోకాళ్ళ దాకా తడిసి, ఫొటోలు దిగి, ప్రాణం లేచొచ్చిందంటూ వెనక్కి పోతుంటారు. ఇక్కడి పిల్లలకు ఆ ఉప్పుగాలి అమ్మ తిట్టంత మామూలు. అందుకే ఈ దిక్కున ఒక హైస్కూల్లో ‘ఈసారి టూరు ఎటు?’ అని అడగ్గానే తొమ్మిదో తరగతి మొత్తం ఒక్క గొంతుతో అరిచింది: ‘హైదరాబాద్!’

సోషల్ మాస్టారు నోట్‌బుక్కులో రాసుకున్నారు. ఆయన పేరుతో పనిలేదు, ప్రతి హైస్కూల్లోనూ ఒకాయన ఉంటారు. బస్సు మాట్లాడటం, బియ్యం కొలిపించటం, తలలు లెక్కపెట్టటం కూడా సాంఘిక శాస్త్రం కిందికే వస్తాయని మిగతా స్టాఫు గట్టి నమ్మకం. ఈసారి హెడ్మాస్టారు ఇంకో మెలిక పెట్టారు. ట్రావెల్స్ వాళ్ళ ప్యాకేజీ వద్దు, అంతా మనమే చూసుకుందాం, రెండు రాత్రులు బస. ‘మనమే’ అన్నప్పుడు ఆయన చూపుడువేలు తిన్నగా సోషల్ మాస్టారి వైపు చూపిస్తోంది.

స్టాఫ్‌రూములో సమావేశం జరిగింది. ఎవరి విజ్ఞాన యాత్ర వారికుంది. తెలుగు పంతులుగారు తిరుపతి అన్నారు. ఆయనకు మొక్కు బాకీ ఉంది. సైన్సు టీచరమ్మ అరకు అన్నారు. విశాఖ నుంచి రైల్లో 58 సొరంగాలు, ఆపైన బొర్రా గుహలు, సున్నపురాతి మీద నీటిచుక్క చేసే పని చూపించొచ్చని వివరించారు. అది నిజమే. విశాఖలో ఆవిడ పుట్టిల్లుందన్నదీ నిజమే. లెక్కల మాస్టారు ఏ ఊరూ చెప్పలేదు. తలకు ఎంత పడుతుందో మాత్రం మూడుసార్లు చెప్పారు. ఆ లెక్కతో హైదరాబాద్ గాలి సగం తీసేశారు. రేపల్లె నుంచి కాచిగూడకు డెల్టా రైలున్న మాట వాస్తవమే కానీ, గోల్కొండ, జూ పార్కు, సాలార్‌జంగ్ మ్యూజియం, ఫిల్మ్ సిటీ నాలుగూ రెండు రోజుల్లో చూపించాలంటే పిల్లలకు చక్రాలు బిగించాలి.

మాస్టారు ఇంటికెళ్ళి తన గురువుగారిని తలుచుకున్నారు. ఆ గురువు ఏనుగుల వీరాస్వామయ్య. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, దాదాపు వంద మంది పరివారంతో హైదరాబాద్, నాగపూర్, కాశీ, గయ, కలకత్తా తిరిగి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. ప్యాకేజీ లేదు, గూగుల్ మ్యాప్ లేదు, బస్సూ లేదు. దిగిన ప్రతి మజిలీలో సత్రం ఉందా, మంచినీళ్ళున్నాయా, అంగళ్ళలో సరుకులు దొరుకుతాయా అని రాసిపెట్టుకున్నాడు. 1838లో అచ్చయిన ‘కాశీయాత్ర చరిత్ర’ను సాహిత్యం వాళ్ళు సాహిత్యంగా చదువుతారు. టూరు బాధ్యత నెత్తినపడ్డవాడికి మాత్రం అది బతుకుపాఠం. ఊరి గొప్పతనం గోపురంలో ఉంటుందో లేదో గానీ, వంద మందితో వెళ్ళినప్పుడు నీళ్ళతొట్టిలో తప్పకుండా ఉంటుంది.

అప్పటినుంచి మాస్టారి నోట్‌బుక్కులో ప్రతి ఊరికీ నాలుగు ప్రశ్నలు వెలిశాయి. మరుగుదొడ్లు ఎన్ని? ఆడపిల్లల గదులకు లోపలి గడియ పడుతుందా? రాత్రి ఎవరికైనా జ్వరమొస్తే ఆస్పత్రి ఎంత దూరం? వంటమనిషి పొయ్యి ఎక్కడ పెట్టుకుంటాడు? ఈ నాలుగింటికీ జవాబు దొరక్క ఎన్నో సుందర ప్రదేశాలు ఒక్క రాత్రిలో రాలిపోయాయి.

ఐదో ప్రశ్న దగ్గర మాత్రం ఆయన నవ్వలేదు: నీళ్ళలోకి దిగే చోటు ఉందా? 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నది ఒడ్డున ఫొటోలు దిగుతున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మందిని, పైనున్న లార్జీ ప్రాజెక్టు నుంచి ఒక్కసారిగా వదిలిన నీళ్ళు లాక్కుపోయాయి. యాత్ర మొత్తంలో ఆ ఒడ్డున ఆగింది కాసేపే. చూడబోయే ఊరిని ఎంచుకుంటే సరిపోదు, దారిలో ఆగే ప్రతి చోటునూ ఎంచుకోవాలి.

తేదీల గొడవ వేరు. కార్తికంలో వనభోజనాల మోజు ఉంటుంది, కానీ ఈ తీరంలో నవంబరు, డిసెంబరు నెలలను నమ్మటానికి లేదు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. సంక్రాంతి ముందు పరీక్షలు, తర్వాత పదో తరగతి హడావుడి. మిగిలిన నాలుగు రోజుల్లో ఒకటి హెడ్మాస్టారి మేనకోడలి పెళ్ళి.

‘ఇంత వెతుకులాట ఎందుకు, మన దగ్గరే లేవా?’ అని మాస్టారికి ఒకనాడు పౌరుషం వచ్చింది. లేకేం! నిజాంపట్నం ఒకప్పటి పెదపల్లి. 1606లోనే డచ్చివాళ్ళు ఇక్కడ వర్తకస్థానం పెట్టారు, 1611లో ఇంగ్లీషువాళ్ళ గ్లోబ్ ఓడ వచ్చింది. తెనాలి నుంచి రేపల్లె పోయే రైలు దారిలోనే భట్టిప్రోలు ఉంది. 1892లో అలెగ్జాండర్ రీ అక్కడి స్తూపం తవ్వితే ధాతువుల రాతిపెట్టెలు బయటపడ్డాయి. తెలుగు లిపి పుట్టుక మాట వస్తే పండితులు ముందు తలచుకునేది ఆ పెట్టెల మీది అక్షరాలనే. చీరాల అవతల మోటుపల్లిలో, ఓడ పగిలిన వర్తకుడి సొమ్ము రాజు లాక్కోడని 1244లో గణపతిదేవుడు వేయించిన అభయశాసనం ఉంది.

పిల్లలు ఓపిగ్గా విన్నారు. ‘సార్, మూడింటికీ పొద్దున పోతే సాయంత్రానికి ఇంటికొచ్చేస్తాం కదా?’ అని ఒకమ్మాయి అడిగింది. అదీ అసలు దెబ్బ. టూరంటే వాళ్ళకు చూసే చోటు కాదు, ఇంట్లో పడుకోని రాత్రి.

చివరకు చిక్కు విప్పింది తల్లిదండ్రుల సమావేశం. ఒక తండ్రి, ‘మావాడు రాత్రిళ్ళు నిద్రలో నడుస్తాడండీ, తాడు కట్టండి’ అన్నాడు. ఇంకొకాయన, ‘పిల్లలతోపాటు మేమూ రావచ్చాండీ?’ అన్నాడు. వెనక బెంచీలో కూర్చున్న రైతు మాత్రం విసుగ్గా లేచాడు. ‘ఎటైనా పోండి మాస్టారూ. మాది శివారు భూమి. ఏటా మా కాలవకి నీళ్ళు ఆఖర్నే వస్తాయి. అవి ఎక్కడ ఆగిపోతున్నాయో కాస్త చూసి రండి, పుణ్యముంటుంది.’

అందరూ నవ్వారు. మాస్టారు నవ్వకుండా పెన్ను తీశారు.

ఆ రాత్రే దారి ఖాయమైంది. నీళ్ళు దిగివచ్చిన దారినే ఎదురెక్కడం. మొదటిరోజు ప్రకాశం బ్యారేజీ, పక్కనే ఉండవల్లి గుహలు, రాత్రికి అమరావతిలో సత్రం. రెండోరోజు అమరావతి మ్యూజియం చూసుకుని నాగార్జునసాగర్. మూడోరోజు లాంచీలో నాగార్జునకొండ. సాగర్ నీళ్ళు పైకి రాకముందు 1954 నుంచి 1960 దాకా అక్కడ తవ్వకాలు జరిపి, దొరికినవాటిని కొండ మీదికి చేర్చి మ్యూజియం పెట్టారు. కొండేమో దీవి అయింది. అడవులదీవి పిల్లలకు ఇంకో దీవి! లాంచీ ఎక్కాలంటే లైఫ్ జాకెట్ వేసుకోవాల్సిందేనని మాస్టారు ముందే షరతు పెట్టారు. అంతా కుదిరాక తెలిసింది, ఆ మ్యూజియాలకు శుక్రవారం సెలవట. నోట్‌బుక్కులో మూడు పేజీలు కొట్టేసి ప్రయాణం మంగళవారానికి మార్చారు.

యాత్ర సంగతి టూకీగా: పులిహోర వేమూరు దాటకముందే అయిపోయింది. అరటికాయ బజ్జీలు తిన్న నలుగురికి కిటికీ సీట్లు దక్కాయి, కారణం చెప్పక్కర్లేదు. ఉండవల్లిలో లెక్కపెడితే ఒక తల ఎక్కువ వచ్చింది. అది వంటమనిషి కొడుకుది. తక్కువ వస్తే కంగారుపడటం తెలుసు గానీ, ఎక్కువ వస్తే ఏం చేయాలో మాస్టారికి ఎవరూ నేర్పలేదు. సత్రంలో తెల్లవార్లూ ఎవరూ నిద్రపోలేదు, నిద్రలో నడిచే కుర్రాడు తప్ప.

తిరిగొచ్చిన సాయంత్రం ఆ శివారు రైతు బస్సు దగ్గర కొడుకు కోసం నిలబడి ఉన్నాడు.

‘బ్యారేజీకి ఎన్ని గేట్లున్నాయిరా?’

‘డెబ్బై నాన్నా.’

‘మన కాలవది ఏదీ?’

‘ఆ డెబ్బైలో మనది ఒక్కటీ లేదు. అవి ఎత్తితే నీళ్ళు సముద్రానికే. మనది సీతానగరం వైపు, పక్కన విడిగా ఉంది. అందరూ పెద్ద గేట్ల దగ్గర ఫొటోలు దిగారు. నేను మాత్రం మన తూము దగ్గరే దిగాను.’