చుక్కలూ చారలూ

స్ట్రిక్స్ అనే ప్రజాతిలో, అంటే దగ్గరి చుట్టరికమున్న జాతుల సముదాయంలో, చేరిన అడవి గుడ్లగూబలకు తలపై కొమ్ముల వంటి ఈకలుండవు. వీటిలో ఉత్తర అమెరికాకు చెందిన రెండింటికి కళ్ల నలుపూ ఈకల గోధుమరంగూ ఇంచుమించు ఒకటే కాగా, ఒకదానికి రొమ్మంతా తెల్లని చుక్కలు, రెండవదానికి మెడ కింద అడ్డచారలు, పొట్టమీద నిలువుచారలు ఉంటాయి. చీరల కొట్టులో బేరానికైనా అడ్డురాని ఈ తేడా ఆధారంగానే అమెరికా ప్రభుత్వం ఒకదానికి చట్టరక్షణను, మరొకదానికి తుపాకీ గుండును కేటాయించింది.

చుక్కల గుడ్లగూబ స్వభావరీత్యా జమీందారు. పసిఫిక్ తీరపు ముదురు అడవుల్లో ఒక్కో జంటకు వేల ఎకరాలు కావాలి, భోజనానికి ప్రధానంగా ఎగిరే ఉడుతలుండాలి. మనుషులంటే మాత్రం బెదురు లేదు, పరిశోధకులు కర్రమీద పెట్టి చూపిన ఎలుకను నిస్సంకోచంగా వచ్చి అందుకుంటుంది. అడవుల నరికివేత వల్ల తగ్గిపోతున్న దీని ఉత్తరపు ఉపజాతిని 1990లో ముప్పునెదుర్కొంటున్న జీవుల జాబితాలో చేర్చగా, ఇది ఎలుకల కన్నా ఉద్యోగాలనే ఎక్కువ తింటున్నదన్న ధోరణిలో కలప కార్మికులు మండిపడ్డారు.

చారల గుడ్లగూబది తూర్పు ప్రాంతం. వలస వచ్చిన జనం గడ్డిమైదానాల్లో చెట్లు నాటి, కార్చిచ్చులను ఆర్పివేయడంతో దానికి దారి ఏర్పడిందని పలువురు శాస్త్రజ్ఞులు భావిస్తారు. ఆ దారిన అది ఇరవయ్యో శతాబ్దంలో పశ్చిమ తీరం చేరింది. కప్ప, పురుగు, క్రేఫిష్ అనే ఏటి రొయ్య, ఏది దొరికినా సరే కనుక కొద్దిపాటి అడవి దానికి చాలు. దాని ఎనిమిది స్వరాల కూత అమెరికన్ల చెవికి ‘నీకు వంటెవరు చేస్తారు, మీకందరికీ ఎవరు చేస్తారు’ అన్నట్టు వినబడుతుంది. పరాయి అడవిలో దిగిన అతిథి ముందుగా వంట సంగతే ఆరా తీయడం అసహజమేమీ కాదు. ఆ కూత వినిపించే చోట చుక్కల గుడ్లగూబ తరచు నోరు మూసుకుంటుంది. రికార్డు చేసిన కూత వినిపించి జవాబును బట్టి లెక్కగట్టే పరిశోధకులకు ఇది పెద్ద చిక్కు. అప్పుడప్పుడు రెండింటికీ జోడీ కుదిరి సంకర సంతానం కూడా కలుగుతుంది.

చివరకు చుక్కల గుడ్లగూబను ఈ పోటీ నుంచి కాపాడేందుకు 2024లో అమెరికా వన్యప్రాణి విభాగం ముప్పై ఏళ్లలో గరిష్ఠంగా నాలుగున్నర లక్షల చారల గుడ్లగూబలను తొలగించే ప్రణాళికను ఆమోదించింది. పద్ధతి సులువు: అడవిలో వాటి కూతనే యంత్రంతో వినిపిస్తారు, తన హద్దులో మరొకటి చొరబడిందనుకున్న పక్షి తగవుకు ఎదురొస్తుంది, చుక్కలను చారలను వేరుచేసి గుర్తించే శిక్షణ పొందిన వ్యక్తి తుపాకీతో అక్కడే నిలబడి ఉంటాడు.