గుండెకు ఒక్కరోజు బ్రేక్

2025 నవంబరు 21న నాలుగు లేబర్ కోడ్లూ అమల్లోకి వచ్చేశాయి. ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగికి ఇకపై ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ అట, ఐదేళ్లు ఆగక్కర్లేదట. చదివితే ఒళ్లు పులకరించింది. పులకరించిన ఆ ఒళ్లును ఓసారి ఎగాదిగా చూసుకుంటే సిగ్గేసింది. అంతా పర్మనెంటు స్టాఫే!

ఈ గుండెనే తీసుకోండి. తల్లికడుపులో జాయినైంది మొదలు ఒకటే సీటు. టెండరు లేదు, ఏజెన్సీ లేదు, రెన్యువల్ లేదు. ఇక పనంటే భయం ఎక్కడుంటుంది? అందుకే దీన్ని పదకొండు నెలల అగ్రిమెంటు మీదకు మార్చేస్తున్నాను. గడువు తీరగానే ఒక్కరోజు బ్రేక్ ఇచ్చి, మర్నాడు కొత్తగా చేర్చుకుంటాను. ఆ ఒక్కరోజూ మీరేమైపోతారని మా ఆవిడ అడుగుతోంది. విధాన నిర్ణయాల్లో ఇంట్లోవాళ్లు తలదూర్చకూడదు.

కిడ్నీలు ఒకే పనికి రెండున్నాయి. ఒకదాన్ని సర్‌ప్లస్ కింద తీసేసి, రెండోదానికి డబుల్ డ్యూటీ వేస్తే సరి. ఊపిరితిత్తులకు నెలజీతం దేనికి? గెస్టు లెక్చరర్లకు పీరియడుకింత అని ఇస్తున్నాం కదా, వీటికి పీల్పుకింత. కాలేయాన్ని ఏజెన్సీకి అప్పజెప్పాను. వచ్చే రక్తంలో కమీషను పోను మిగిలింది దాని చేతికి. పీఎఫ్ కోస్తారు. కడతారా అంటే, అది ఏజెన్సీవాణ్ని అడగాలి. ఒంట్లో ఆదర్శ ఉద్యోగులంటే పాలపళ్లే. టర్మ్ అయిపోగానే, నోట్లోనే ఉండి కూడా, నోరెత్తకుండా రాలిపోయాయి. అపెండిక్స్ జోలికి మాత్రం పోను. చెప్పుకోదగ్గ పనేదీ చేయకుండా సీటు పట్టుకుని కూర్చుందంటే దాని వెనక ఎవరున్నారో ఏమో!

మెదడు అన్నింటికీ సంతకం పెట్టేసింది. తాను మేనేజ్‌మెంటు అనుకుంటోంది పాపం.

అంతా సవ్యంగా సాగుతుండగా కడుపు లేచింది. "ఏడాదికి గ్రాట్యుటీ అన్నారు. అగ్రిమెంటేమో పదకొండు నెలలకు రాశారు. ఏడాది ఎప్పుడు నిండుతుంది సార్?"

నా దగ్గర జవాబు లేదు. కోడ్లోనూ లేదు. ఒక మనిషిని ఇలా ఎన్నిసార్లు రెన్యువల్ చేసుకుంటూ పోవచ్చో అందులో పరిమితే పెట్టలేదు. సెంట్రల్ వాటర్ కమిషన్‌లో నేల ఊడ్చినవాళ్లు, మొక్కలకు నీళ్లు పోసినవాళ్లు ఏళ్లకేళ్లు తాత్కాలికంగానే మిగిలారు. 2018లో ఒక్క కాగితంతో వాళ్లను బయటకు పంపారు. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు గట్టిగా చెబితేగాని వాళ్లు పర్మనెంటు కాలేదు. వాళ్లను అలా గెంటేసింది ప్రైవేటు షావుకారు కాదు, ప్రభుత్వం! మన సర్కారు దవాఖానాల్లో రోగుల మలమూత్రాలు ఎత్తే ఔట్‌సోర్సింగ్ మనిషి జీతం ఎప్పుడు పడుతుందా అని ఫోను చూసుకుంటోంది. ఈ తాత్కాలిక ఉద్యోగం నువ్వు ఎంచుకున్న స్వేచ్ఛేనమ్మా అని ఆమె మొహం మీద అనండి చూద్దాం.

ఈ కోడ్లను ఆమోదించిన పార్లమెంటులో ఎంపీ ఉద్యోగమూ ఫిక్స్‌డ్ టర్మే. దిగిపోయాక మాత్రం ఎంతకాలం చేశావని అడగరు, బతికున్నంతకాలం పెన్షనిస్తారు. నెలకు 25 వేలు చాలడం లేదని 2025 మార్చిలో 31 వేలు చేసుకున్నారు, అదీ 2023 ఏప్రిల్ నుంచి వర్తించేలా. ఆ ఫైలు మీద పదకొండు నెలలని రాసే దమ్ము ఏ గుమాస్తాకుంది?