తేలే తలుపు

ఈ మధ్య మనవాళ్ళకి పాత తలుపు తలుపులా కనిపించడం మానేసింది. ఊళ్ళో ఏదో పెంకుటిల్లు పడగొడుతున్నారని తెలిస్తే చాలు, ఫలానావాళ్ళు వాళ్ళ తాతగారి తలుపుని భోజనాలబల్ల చేయించారట, ఇంకొకళ్ళు దానిమీద అద్దం పరిచి టీపాయ్ చేశారట అని కబుర్లు మొదలవుతాయి. ఇల్లు పోయిందే అని బాధపడేవాళ్ళు తక్కువ. తలుపులు ఎవరు పట్టుకెళ్ళారని వాకబు చేసేవాళ్ళే ఎక్కువ.

పొలం పంపకాల్లో సరిహద్దు రాయి జానెడు జరిగిందని ఆర్నెల్లు మాట్లాడుకోని మా అన్నదమ్ములం, మా ఊరి పాత ఇంటి వీధి తలుపుల దగ్గరికొచ్చేసరికి ధర్మరాజులమైపోయాం. "నువ్వు తీసుకో అన్నయ్యా" అని తమ్ముడు, "కాదురా, నీకే ఉండనీ" అని నేను. లారీ కిరాయి ఎవరు పెట్టుకోవాలన్నదే ఆ మర్యాద వెనకున్న అసలు సంగతి. చివరికి చెరో రెక్కా తీసుకున్నాం. గొళ్ళెం ఉన్న రెక్క వాడితో బెంగళూరు వెళ్ళింది. కొండీ ఉన్నది నాతో హైదరాబాదు వచ్చింది. రెండు రాష్ట్రాల మధ్య ఇప్పుడు ఏ తలుపూ పడదు.

ఒంటి రెక్కతో ఏం చేయాలో మా అమ్మాయి తేల్చింది. ఫ్లోటింగ్ షెల్ఫులట. కింద ఏ ఆధారమూ కనపడకుండా గోడలోంచి మొలిచినట్టు ఉంటాయి. ఇందులో మాయేమీ లేదు. గోడకి ఇనుప పట్టీ బిగిస్తారు, దానికి ముందుకి పొడుచుకొచ్చిన కడ్డీలుంటాయి, పలక వెనకవైపు బెజ్జాలు తొలిచి వాటిలోకి తోస్తారు. చూసేవాడికి పలక గాల్లో ఉన్నట్టే ఉంటుంది. పళ్ళబిగువున మోసేది గోడ.

ఆ మాటకొస్తే ఈ కర్రకి తేలడం కొత్త కాదు. అది బర్మా టేకని మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటారు. పచ్చి టేకు దుంగ నీళ్ళలో మునుగుతుంది. అందుకని బర్మా అడవుల్లో చెట్టు మొదట్లో చుట్టూ బెరడు చెక్కేసి, నిలబడినచోటే రెండుమూడేళ్ళు ఎండనిచ్చి, అప్పుడు నరికి, ఏనుగులతో ఏటిదాకా లాగించి, ఐరావతిలో రంగూను వైపు వదిలేవారు. ఆ రంగూను రేవులో కూలి చేసినవాళ్ళలో కోరంగి నుంచి, విశాఖ నుంచి ఓడెక్కి వెళ్ళిన తెలుగువాళ్ళు ఎందరో. ఏళ్ళ తరబడి ఎండబెట్టి తేల్చిన ఆ కర్రని, మా అమ్మాయి ఒక్క ఆదివారంలో తేల్చేద్దామంది.

ముందు రంగు వదలాలి కదా. ఆకుపచ్చ కింద నీలం, నీలం కింద మళ్ళీ ఆకుపచ్చ. ఇంట్లో జరిగిన ప్రతి పెళ్ళికీ ఒక పూత. పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరులో గానీ అమల్లోకి రాలేదు. కాబట్టి పొడిగా గీకకూడదు. తడిపి, ముక్కుకి మాస్కు కట్టుకుని గీకాలి. బాల్కనీలో నన్ను ఆ వేషంలో చూసిన పక్క ఫ్లాటాయన, "మళ్ళీ మొదలైందా అండీ?" అని భయంభయంగా అడిగి కిటికీ వేసేసుకున్నాడు.

వడ్రంగి వచ్చాడు. తలుపుని వేళ్ళతో తట్టి, "మంచి కట్టె సార్, కొయ్యనీకి చెయ్యి వస్తలేదు" అన్నాడు. తర్వాత గోడని తట్టాడు. "దీంట్ల దమ్ము లేదు సార్."

ఆయన అన్నది అక్షరాలా నిజం. కొత్త అపార్టుమెంట్లలో లోపలి గోడలు చాలావరకు ఏఏసీ దిమ్మెలు. 1920ల్లో స్వీడన్ ఆర్కిటెక్టు ఆక్సెల్ ఎరిక్సన్ రూపొందించిన సరుకది. సిమెంటు, సున్నాల ముద్దలో చిటికెడు అల్యూమినియం పొడి వేస్తే హైడ్రోజన్ బుడగలు పుట్టి, ముద్ద ఇడ్లీపిండిలా పొంగుతుంది. గట్టిపడ్డాక ఘనమీటరుకి 550 నుంచి 650 కిలోలు తూగుతుంది. టేకూ ఇంచుమించు 650 కిలోలే. అంటే మా గోడా, తలుపూ బరువులో వియ్యాలవారు. ఆ దిమ్మెని నీళ్ళలో వేస్తే తేలుతుంది కూడా. మా ఇంట్లో తేలేది తలుపొక్కటే కాదు, గోడా! ఆరున్నర అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంగుళమున్నర మందం ఉన్న రెక్క లెక్కకి 30 కిలోలు వచ్చింది. పైన పెట్టే పుస్తకాల బరువు వేరే.

రెక్కని నిలువునా మూడు పలకలు కోయడానికి రంపం పెట్టాడు. మధ్యలో ఠంగుమంది. ఎప్పటిదో కమ్మరి మేకు. రంపం పళ్ళు పోయాయి, ఖరీదు నా ఖాతాలో పడింది. ఆ తర్వాత రెక్కమీద చెక్కి ఉన్న తామరపువ్వుల సమస్య. చెక్కడం పైకి పెడితే గ్లాసు ఒరుగుతుంది. కిందికి పెడితే నేలమీద వెల్లకిలా పడుకున్నవాళ్ళకి తప్ప ఎవరికీ కనపడదు. మా ఆవిడ, అమ్మాయి దీనిమీద రెండు పార్టీలుగా చీలిపోయారు. నేను వడ్రంగికి టీ తెచ్చే నెపంతో సభ నుంచి వాకౌట్ చేశాను. వచ్చేసరికి కిందివైపు పార్టీ నెగ్గింది.

ఇక బిగించడం. గోడలో ఎక్కడ బెజ్జం వేసినా పిండి రాలుతోంది, గిట్టీ వేలితో లాగితే వచ్చేస్తోంది. వడ్రంగి తలెత్తి కాసేపు ఆలోచించాడు. "పైన బీమున్నది గద సార్. బోల్టులేసి దానికి బిగిస్తే ఏనుగెక్కినా ఏం గాదు."

బీము నేలకి ఏడడుగుల పైన ఉంది. అదొక్కటే ఇంట్లో దమ్మున్న చోటు. మూడు పలకలనీ అక్కడే వరసగా, గది చుట్టూ బిగించేశాడు. రాయిలా ఉన్నాయి. మా అమ్మాయి కొన్న పింగాణీ బొమ్మలు పైన పెట్టాలంటే స్టూలెక్కాలి, దుమ్ము తుడవాలంటే ఇంకెవరైనా స్టూలు పట్టుకోవాలి. బొమ్మలు డబ్బాలోనే ఉన్నాయి.

సంక్రాంతికి మా మేనత్త వచ్చింది. తలుపుని కోశామంటే ఏమంటుందోనని అందరం బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాం. ఆవిడ నడుంమీద చెయ్యేసుకుని పైకి చూసింది.

"అటక వేయించి మంచిపని చేశావురా. ఊళ్ళో ఉన్న ఇత్తడి గంగాళాలు కూడా పంపించేస్తాను."