పుట్టు కడల తోడ: ఒక హోమ్‌స్టే పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: ఫోర్ట్ కొచ్చి సందుల్లో పాత పెంకుటిళ్ళ గుమ్మాలకు ‘హోమ్‌స్టే’ అన్న చిన్న పలకలు వేలాడుతుంటాయి. కింద ఇంటివాళ్ళు, మీద అతిథులు. అలాంటి ఒక ఇంట గోడకు తగిలించిన ఇంగ్లిషు నియమాలను ఎవరో తెలుగు అతిథి ఆటవెలదిలోకి దించాడు. కవి పేరు దొరకలేదు. ఆధార్ నకలు ఇంటివారి దగ్గర ఉండే ఉంటుంది.

చెప్పు లచట విడిచి చప్పుడు చేయక
పదికి ముందె రండి గదికి మీరు
పుట్టు కడల తోడ పెట్టుదు మెనిమిది
గంటలకును, నీళ్ళు మంట వేడి!

టీక: చెప్పులు = పాదరక్షలను; అచట = మెట్ల కింద, ఇంటివారి చెప్పుల పక్కనే; విడిచి = వదలి; చప్పుడు చేయక = చెక్క మెట్లు కిర్రుమనకుండా (కింది గదిలో నానమ్మ పడుకుంది); పదికి ముందె = రాత్రి పది కొట్టకముందే; గదికి = అద్దెకు తీసుకున్న గదికి; మీరు = ఓ అతిథులారా; రండి = విచ్చేయండి.

ఈ ‘రండి’ ప్రార్థనార్థకమా, విధ్యర్థకమా అని వివాదం ఉంది. అడ్వాన్సు కట్టేటప్పుడు ప్రార్థన, పదీ అయిదుకు గేటు బయట నిలబడినప్పుడు విధి అని సమన్వయం.

పుట్టు = బియ్యప్పిండి, కొబ్బరి కోరు పొరలు పొరలుగా గొట్టంలో కూరి ఆవిరి మీద ఉడికించినది, మన పిట్టుకు చుట్టం; కడల తోడ = నల్ల శెనగల కూరతో; ఎనిమిది గంటలకును = సరిగ్గా ఎనిమిదికి; పెట్టుదుము = పెడతాము. పద్యానికి ప్రాణం ఈ క్రియ. హోటల్లో తెస్తారు, ఇస్తారు, మహా అయితే వడ్డిస్తారు. పెట్టేది ఇంట్లోనే. పైగా బహువచనం: అత్తగారు గొట్టం దించుతుంది, కోడలు కూర కలుపుతుంది, కొడుకు పళ్ళేలు మోస్తూ గుర్తింపు కార్డు అడుగుతాడు. ఎనిమిదే ఎందుకంటే, పిల్లల బడి బస్సు ఆ తర్వాత ఆగదు. తొమ్మిదికి లేచినవాడికి పుట్టు ఉంటుంది గానీ, ఆవిరి ఉండదు.

నీళ్ళు = స్నానోదకం; మంట వేడి = నిప్పంత వేడి. ఇది అతిశయోక్తి. గీజరు స్విచ్చి వేసిన ఇరవై నిమిషాలకు స్వభావోక్తి అవుతుంది.

తాత్పర్యం: డబ్బు మీది, ఇల్లు మాది.

విశేషాలు: నాలుగు పాదాల్లోనూ ప్రాసయతే. కవికి వేరే యతి చేతకాలేదనే వారితో నాకు పేచీ లేదు.

మూడో పాదంలో ‘కడలి తోడ’ అని పాఠాంతరం. కడలితో పుట్టినది లక్ష్మి గనుక గృహిణికి అన్వయమని కొందరంటారు. నాకైతే కొచ్చి ఊరికే అన్వయిస్తుంది. 1341లో పెరియార్ వరద ముజిరిస్ రేవును పూడ్చి, కొచ్చి ముఖాన్ని సముద్రానికి తెరిచిందని చరిత్రకారులు చెబుతారు. ఆ తెరిచిన నోట్లోకి వచ్చిన అతిథుల జాబితా పెద్దది. 1503లో పోర్చుగీసులు కోట మొదలుపెట్టారు, 1663లో డచ్చివారు దాన్ని లాక్కున్నారు, 1795లో ఇంగ్లీషువారు దిగారు. ఒక్కరూ చెప్పులు విడవలేదు, గది ఖాళీ చెయ్యమంటే చెయ్యలేదు. వాస్కో డ గామా అయితే 1524 డిసెంబరు 24న అక్కడే పోయి, సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిలో బస చేశాడు. అస్థికలను పోర్చుగల్‌కు తరలించింది 1539లో. గేటు విషయంలో ఆ ఊరికింత పట్టుదల ఎందుకో వేరే చెప్పాలా?

మూలంలో లేనిది రాయనన్నాడు మన వ్యాఖ్యాత మల్లినాథసూరి. నాకంత నిష్ఠ లేదు గనుక మూలం దాచినవి రెండు చెబుతాను. కేంద్ర పర్యాటక శాఖ పథకం ప్రకారం ఇలాంటి ఇంట్లో అద్దెకివ్వదగినవి 6 గదులు, 12 మంచాలు మించకూడదు, యజమాని కుటుంబంతో సహా అక్కడే కాపురముండాలి. అంటే నానమ్మ దగ్గు కూడా నిబంధనల్లో భాగమే. రెండోది, విదేశీయుడు దిగితే 24 గంటల్లోగా ఫారం నింపి ప్రభుత్వానికి తెలపాలి. పాస్‌పోర్టు అడిగితే ముఖం చిట్లించే దొరలకు ఇది చదివి వినిపించవచ్చు.

దోషాలు: దోమల ప్రస్తావన లేకపోవడం. కొచ్చి మీద రాసిన ఏ కావ్యానికైనా ఇది పెద్ద లోపం. డిసెంబరు చివర, కార్నివాల్‌లో పాప్పాంజి బొమ్మను తగలబెట్టే రోజుల్లో, అద్దె ఎంత పెరుగుతుందో కూడా కవి మింగేశాడు.

అధికారి నిర్ణయం: పొద్దెక్కేదాకా పడుకునేవారు, అర్ధరాత్రి కాఫీ కావాలనేవారు ఈ పద్యానికి అర్హులు కారు. వారు హోటల్ చూసుకోవాలి. మిగిలినవారు ఆవకాయ సీసా వెంట తెచ్చుకున్నా ఇంటివారు ఏమీ అనుకోరు, కాస్త రుచి చూపిస్తే చాలు.