కొల్లేటి చాంతాడుకు రెండడుగుల కోత

మావైపు ఎంతకీ తెమలని వ్యవహారాన్ని కొల్లేటి చాంతాడు అంటాం. అన్నదమ్ముల పంపకం, ఏలూరు కోర్టులో వాయిదా, వియ్యాలవారి లాంఛనాల బేరం, ఏదైనా సరే. ఆ చాంతాడు ఎంత పొడుగో చిన్నప్పుడు తెలిసేది కాదు. ఇప్పుడు తెలిసింది. 1999లో పేనడం మొదలెట్టారు, ఇంకా పేనుతూనే ఉన్నారు. ఒక కొస సుప్రీం కోర్టులో ఉంది. రెండో కొస మా పెదపాడు అవతల ఏదో చేపల చెరువు గట్టు మీద మోటారు షెడ్డుకి కట్టి ఉంది.

కథ మరిచిపోయినవాళ్లకి రెండు ముక్కలు. 1999లో ప్రభుత్వం 120వ నంబరు జీవో ఇచ్చి, కొల్లేటిని ఐదో కాంటూరు దాకా అభయారణ్యం అంది. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తున గీత గీస్తే ఆ లోపలిదంతా అన్నమాట. లెక్కకి 308 చదరపు కిలోమీటర్లు. 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలోకీ ఎక్కింది. ప్రపంచమంతా గుర్తించిన సరస్సని పాఠ్యపుస్తకాల్లో రాసుకున్నాం. రాసుకున్న సిరా ఆరకముందే మన నాయకులకి ఒక చిన్న కోరిక పుట్టింది. ఐదుని మూడు చెయ్యండి. రెండే రెండడుగులు! వామనుడు బలిచక్రవర్తిని మూడడుగులు అడిగాడని యుగయుగాలుగా ఆడిపోసుకుంటున్నాం కానీ, మనవాళ్లు ఆయన కంటే అల్పసంతోషులు.

రెండడుగులే కదా అని మీరూ జాలిపడకండి. కొల్లేరు బావి కాదు, పళ్లెం. బావిలో నీళ్లు రెండడుగులు దిగితే చాంతాడు రెండడుగులు పెంచుకుంటే సరి. పళ్లెంలో దిగితే నడిమధ్య గుక్కెడు తప్ప మిగతా పళ్లెమంతా బయటపడుతుంది. మూడో కాంటూరు లోపల మిగిలేది 135 చదరపు కిలోమీటర్లు. తక్కింది, అంటే 42 వేల ఎకరాల పైమాట, అభయారణ్యం అనే అపవాదు నుంచి ఒక్క కలంపోటుతో బయటపడుతుంది. వామనుడికి ఆకాశం దాకా పెరగాల్సి వచ్చింది. మనవాళ్లకి ఒక జీవో చాలు.

ఈ విషయంలో మన ప్రజాస్వామ్యాన్ని మెచ్చుకోవాలి. శాసనసభలో మైకు ఎవరికివ్వాలో, ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలో తేల్చుకోలేక పోడియం దగ్గర తోసుకునే పార్టీలు, 2008లో కొల్లేటిని మూడో కాంటూరుకి దించాలని ఏకగ్రీవంగా తీర్మానించాయి. ఏకగ్రీవం అన్న మాట మన రాజకీయాల్లో సంక్రాంతి కోడిపందేల తర్వాత ఇక్కడే వినిపించింది. కేంద్రం అజీజ్ కమిటీని వేస్తే, తగ్గించడానికి వీల్లేదని ఆ కమిటీ చెప్పింది. కమిటీ చెప్పింది కాబట్టి కాగితం బీరువాలోకి వెళ్లింది, కోరిక మేనిఫెస్టోల్లో ఉండిపోయింది. ప్రభుత్వాలు మారినప్పుడల్లా చెరువు గట్టు మీద జెండా రంగు మారుతుంది. గట్టు మారదు, ఇంజను మారదు, గొట్టం మారదు.

మధ్యలో ఒక్కసారి మాత్రం పెద్ద తిరణాల జరిగింది. 2006లో సుప్రీం కోర్టు గట్టిగా చెప్పేసరికి ఆపరేషన్ కొల్లేరు అని పేరు పెట్టి గట్లు కొట్టారు. పొక్లెయిన్లతో కొన్ని, పేలుడు మందుతో కొన్ని. ఇక కొల్లేరు కొల్లేరైపోతుందని పక్షులు సంబరపడ్డాయి. మనుషుల సంగతి వాటికేం తెలుసు? కొన్నాళ్లకి తెగిన గట్లు మెల్లగా అతుక్కున్నాయి. గట్లు కొట్టిన పొక్లెయిన్లే గట్లు వేశాయని మావైపు ఒక జోకు. ఏ రోజు కొట్టినా అద్దె గంటకే కదా!

ఇంతకీ ఈ రెండడుగులూ ఎవరికోసం? చిన్న మత్స్యకారుడి కోసం. వేదిక మీద ఆయన పేరు వినపడని సభ లేదు. 1970లలో ప్రభుత్వమే సొసైటీలు పెట్టించి, చెరువులు తవ్వించి ఆయన చేతికిచ్చిన మాట నిజమే. ఆ చేతిలోంచి చెరువు ఎప్పుడు జారిందో ఆయనకే గుర్తులేదు. సొసైటీ ఆయనది, చెరువు ఆయనది, లీజు మాత్రం పట్నం నుంచి తెల్ల కారులో వచ్చే పెద్దమనిషిది. ఒకప్పుడు తాటిదోనె వేసుకుని మావులు పెట్టి కొరమీను, ఇంగిలాయి, మట్టగిడస పట్టుకున్నవాడు ఇప్పుడు తన చెరువుకి తనే రాత్రి కాపలా. అర్ధరాత్రి దాటాక టార్పాలిన్ కప్పిన బండి ఒకటి లైట్లు ఆర్పుకుని గట్టెక్కుతుంది. ఆ బండిని కంటికంటే ముందు ముక్కు గుర్తుపడుతుంది. కోడి వ్యర్థాలు. అవి నీళ్లలో పడతాయి, చేపలు బలుస్తాయి, నీళ్లు నల్లబడతాయి. ఆ నీళ్ల నడుమ లంకలో ఉన్నవాడు తాగడానికి టిన్నుల నీళ్లు కొనుక్కుంటాడు. అయినా మనం చిన్న మత్స్యకారుణ్ణి మరిచిపోలేదు. రేపు ధర్నాకి ముందు వరసలో నిలబెట్టేది ఆయన్నే.

ఇక రెండో అస్త్రం: పక్షులు ముఖ్యమా, మనుషులు ముఖ్యమా? ఎక్కడో సైబీరియా నుంచి ఎగిరొచ్చే పిట్టల కోసం మన బిడ్డల నోట మట్టి కొడతారా అని మైకులు పగిలిపోతాయి. కొల్లేటికి శీతాకాలం చుట్టాలు వచ్చేది నిజమే. కానీ ఆటపాక చెట్ల మీద గూళ్లు కట్టుకుని పిల్లల్ని సాకే గూడబాతు మన దేశపు పిట్ట. మలయాళీ పక్షి ప్రేమికుడు నీలకంఠన్ 1946లోనే కొల్లేటి ప్రాంతంలో వాటి పెద్ద కాపురాన్ని కనిపెట్టాడు. అంటే అభయారణ్యం జీవో కంటే, సొసైటీల కంటే, అసలు ఆంధ్రప్రదేశ్ కంటే ముందునుంచీ వాటికి ఇక్కడ ఇల్లుంది. మరి వలసపక్షి ఎవరు? సీజనుకి వచ్చి, పట్టుబడి అయ్యాక లారీ ఎక్కించి, మళ్లీ సీజను దాకా కనపడని జాతి ఒకటుంది. దానికి కాళ్లకి రింగులుండవు, చేతులకి ఉంటాయి.

ఈ మధ్య మూడో అస్త్రం వచ్చింది. అది అన్నిటికంటే ఖరీదైనది. వెనకటి నాయకులు వరదొస్తే దైవాధీనం అనేవారు. ఇప్పటివాళ్లు చదువుకున్నవాళ్లు, వాతావరణ మార్పు అంటున్నారు. దేవుడి మీద నెపం వేస్తే భక్తులకి కోపమొస్తుంది. వాతావరణం మీద వేస్తే ఎవరికీ రాదు. అది నోటీసుకి బదులివ్వదు, ప్రెస్‌మీట్ పెట్టదు, ఎదురు పార్టీలో చేరదు. 2024 సెప్టెంబరులో బుడమేరు గండ్లు పడి విజయవాడ మునిగినప్పుడు ఈ మాట ఎన్ని గొంతుల్లో వినలేదు? వాన కనీవినీ ఎరగనిదే. నేను కాదనను. వానల తీరు మారింది, సముద్రం పైకొస్తోంది. కానీ స్వామీ, బుడమేరు ఎక్కడికి వెళుతుంది? కొల్లేటికి. తమ్మిలేరు? కొల్లేటికి. రామిలేరు, గుండేరు? కొల్లేటికే. అరవైకి పైగా కాలవలూ డ్రెయిన్లూ వచ్చి పడే పళ్లేనికి సముద్రంలోకి దారి ఒక్కటే, అరవై కిలోమీటర్ల ఉప్పుటేరు. అది కూడా పోటు మీద ఉన్నప్పుడు సముద్రం వెనక్కి నెడుతుంది. వాన పెరిగి, సముద్రమూ పెరుగుతోందంటే నీళ్లు ఆగే జాగా పెంచాలా, తగ్గించాలా? మా ఊరి అయిదో తరగతి పిల్లవాణ్ణి అడిగితే చెబుతాడు. వాడికి ఓటు లేదు కాబట్టి ఎవరూ అడగరు.

ఏటా ఫిబ్రవరి 2న మాత్రం పిల్లల్ని అడుగుతారు. ప్రపంచ చిత్తడినేలల దినం. గూడబాతు బొమ్మ వేసినవాడికి బహుమతి, పెద్దలకి శాలువా, అందరికీ ప్లాస్టిక్ సీసాలో నీళ్లు. సభ ముగిశాక ఫ్లెక్సీ వృథా కాదు. చెరువు గట్టు మీద మేత బస్తాల మీద కప్పుతారు. చిత్తడినేలని కాపాడుకుందాం అన్న అక్షరాలు వానకి తడవకుండా మేతని కాపాడుతుంటాయి.

నేనూ ఊరికే వెక్కిరించి పోతే బాగుండదు. పరిష్కారం చెబుతాను. బుడమేరుకి, తమ్మిలేరుకి మూడో కాంటూరు దాటరాదని రిజిస్టర్డ్ పోస్టులో నోటీసులు పంపాలి. బంగాళాఖాతాన్ని ప్రతివాదిగా చేర్చి, ఉప్పుటేరు మొగలో పోటు మీద స్టే తేవాలి. అల్పపీడనానికి ముందస్తు బెయిలు ఇవ్వకూడదు. ఇవన్నీ కుదిరితే ఐదుని మూడేమిటి, సున్నా చేసుకున్నా నాకు అభ్యంతరం లేదు.

2025లో సుప్రీం కోర్టు మళ్లీ హద్దులు తేల్చమంది. సర్వే మాటలు మళ్లీ మొదలయ్యాయి. ఆ రోజుల్లో ఒక లంకలో నాకు వరసకి మావయ్య అయ్యే పెద్దాయన ఇంటికి వెళ్లాను. అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. ఇంటికి కొత్తగా సున్నం వేయించాడు. తెల్లగా మెరిసిపోతోంది గోడ, నా నడుము ఎత్తున ఒక్క అడ్డచార తప్ప. జానెడు వెడల్పున, మట్టిరంగులో, గోడ ఈ చివర నుంచి ఆ చివరకి.

"ఇక్కడ సున్నం మరిచిపోయారేంటి మావయ్యా?"

"మరిచిపోలేదురా అబ్బాయ్. నేనే వెయ్యొద్దన్నా. వరదప్పుడు నీళ్లు అక్కడిదాకా వచ్చాయి."

"రేపు మూడో కాంటూరు అయితే మీ ఇల్లు సరస్సులో లేనట్టేగా. కాగితం మీద."

ఆయన వలలో ముడి బిగించి, పంటితో దారం తెంపాడు.

"రెండడుగులు వాళ్లు అడిగారు, తీసుకుంటారు. వామనుడిది మూడో అడుగు కూడా ఉంటదిగా," అని గోడ వైపు గడ్డంతో చూపించాడు. "అది నీళ్లు పెడతాయి. ఎక్కడ పెడతాయో గుర్తుండాలని ఉంచా."