నంబరు బాగా రావాలంటే

తమ్ముడూ, సౌరశక్తిని దాచే పరికరాల మీద పీహెచ్‌డీకి చేరావట, సంతోషం. ల్యాబ్‌లో పొటెన్షియోస్టాట్ అని ఒక పెట్టె ఉంటుంది. దాని మాన్యువల్ జోలికి పోకు. ధరెంతో మాత్రం కనుక్కో, చూడ్డానికొచ్చిన వాళ్లకు చెప్పాలి కదా.

రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌ని వాడాక పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో నిలబెట్టాలంటారు. బల్లమీద వదిలెయ్. ఎండి, కొన మీది సన్నరంధ్రాలు ఉప్పుతో పూడుకున్నాక వోల్టేజీ తనిష్టం వచ్చినట్టు జరుగుతుంది. గ్రాఫులో శిఖరం పక్కకు జరిగితే కొత్త రియాక్షన్ కనిపెట్టానని రాసుకోవచ్చు. మంచి ఎలక్ట్రోడ్ ఇంకోటి దాచుకుని అప్పుడప్పుడూ దీన్ని దానితో సరిచూసుకునే చాదస్తులు కొందరున్నారు. వాళ్ల పేపర్లు ఆలస్యంగా వస్తాయి.

ఎండతో నీళ్లు చీల్చి హైడ్రోజన్‌గా దాచే దారిలో ఉన్నావా? అయితే యాసిడ్‌లో కౌంటర్ ఎలక్ట్రోడ్‌గా ప్లాటినం తీగే పెట్టు, గ్రాఫైట్ కడ్డీ వద్దు. వేల సైకిళ్లు తిప్పు. ప్లాటినం కొద్దికొద్దిగా కరిగి నీ క్యాటలిస్టు మీదికి చేరుతుంది. రోజులు గడిచేకొద్దీ నీ సరుకు మెరుగవుతుంది. ప్లాటినం లేని చవక క్యాటలిస్టు అని శీర్షిక పెట్టెయ్.

సూపర్ కెపాసిటర్ అయితే అసలు విద్య తూకంలోనే ఉంది. మార్కెట్లో దొరికే పరికరాల్లో చదరపు సెంటీమీటరుకి దాదాపు 10 మిల్లీగ్రాముల పదార్థం ఉంటుంది. నువ్వు 0.2 పూయి, అదీ దానికన్నా ఎన్నో రెట్లు బరువుండే నికెల్ ఫోమ్ మీద. త్రాసు ఓ 0.05 తక్కువ చూపిందా, గ్రాముకి ఫ్యారడ్లు మూడోవంతు పెరిగిపోతాయి. పలచటి పూతతో గ్రాముల లెక్క చెబితే మోసపోతామని గొగోత్సి, సిమోన్ 2011లోనే ‘సైన్స్’ పత్రికలో రాశారు. వాళ్ల పేరు రిఫరెన్సుల్లో వెయ్యి, మాట వినకు. కొలత మూడు ఎలక్ట్రోడ్లతోనే చెయ్. అక్కడ 400 వచ్చిన పదార్థంతో రెండువైపులా ఒకేలాంటి సెల్ కట్టి, రెండు ఎలక్ట్రోడ్ల బరువుతో భాగిస్తే 100కి దిగుతుంది. ఎందుకొచ్చిన సెల్లు! నికెల్ హైడ్రాక్సైడ్ బ్యాటరీలా చదునైన మెట్టు చూపినా, దాన్ని కెపాసిటరనే పిలువు.

ఇంపీడెన్స్ దగ్గర ఓపిక దండగ. 10 మిల్లీహెర్ట్జ్ దగ్గర ఒక్క అల పూర్తవడానికే 100 సెకన్లు. ఒక హెర్ట్జ్ దగ్గరే ఆపేసి క్యాంటీన్‌కి పద. మే నెలైతే ఏసీ కూడా కట్టెయ్. వేడికి ఎలక్ట్రోలైట్‌లో అయాన్లు చురుగ్గా కదిలి రెసిస్టెన్స్ తగ్గుతుంది. ఉష్ణోగ్రత ఎంతో రాయకపోతే ఆ ఘనతంతా నీ పదార్థానిదే.

ఇక గుండెకాయలాంటి సూత్రం. నీ పరికరం పగలు ఎండకి నిండి రాత్రి ఇంట్లో లైటు వెలిగించాలి. అందుకని నింపిన మరుక్షణమే ఖాళీ చెయ్. నింపి, వైర్లు తీసేసి, తెల్లారేదాకా వదిలి వోల్టేజీ ఎంత మిగిలిందో చూస్తే సూపర్ కెపాసిటర్ పరువు పోతుంది. చాలావాటిలో ఛార్జి దానంతటదే కారిపోతుంటుంది. నిమిషానికోసారి నింపి, ఒంపి, పదివేల సైకిళ్లని రాస్తే ఆ సంగతి ఎక్కడా బయటపడదు. రోజుకోసారి చొప్పున అది ఇరవై ఏడేళ్లకు పైమాటని కూడా రాసెయ్, గైడ్ మురిసిపోతారు.

లిథియం వాళ్లకు ఇంకా సుఖం. ఎదురుగా మందపాటి లిథియం రేకు పెట్టుకుంటే పోయిన లిథియమంతా అదే పూడుస్తుంది. లిథియం కొలతగా ఉన్న నిజమైన సెల్‌లో సైకిల్‌కి 99.9 శాతమే తిరిగొస్తుంటే, వెయ్యి సైకిళ్లకు మిగిలేది 37 శాతం దగ్గర. ఆ క్యాలిక్యులేటర్ పక్కన పెట్టు.

అన్నట్టు, సెల్ ఒక్కటే చెయ్. రెండోది చేస్తే రెండో నంబరు వస్తుంది, మూడోది చేస్తే ఎర్రర్ బార్ అడుగుతారు.