హెడ్డు దింపిన వేళ

పులిగడ్డ దగ్గర మా 407 ఆవిర్లు కక్కేసరికి వెనక యాభై బస్తాల ధాన్యం ఉంది. బస్తా 75 కిలోలు. మొత్తం ఎంతయిందో మీలో మీరు లెక్క కట్టుకోండి గానీ పైకి అనకండి. రేడియేటరు మూత తీస్తే నీళ్లలో బుడగలు. డిప్‌స్టిక్కు లాగి చూస్తే, నల్లగా ఉండాల్సిన ఆయిలు కాస్తా కాకా హోటలు టీలా నురగ కట్టి ఉంది. నీళ్లూ ఆయిలూ ఏకమైపోయాయి. ఇది హెడ్డు గ్యాస్కెట్టు పోయిన లక్షణమని దారినపోయే సైకిలాయన కూడా చెప్పాడు. చెప్పనిది మా ముగ్గురు మిత్రులే.

విజయవాడ ఆటోనగరుకు లాక్కుపోదామంటే సార్వా కోతల రోజులు. అక్కడ మన వరస వచ్చేసరికి ఇక్కడ మినుములు మొలకెత్తుతాయి. అందుకని ఇంటి దగ్గరే విప్పుదామన్నారు. అన్నది ఎవరయ్యా అంటే, బందరు నుంచి మా బోటు బావ. గిలకలదిండి హార్బరులో మరబోట్ల ఇంజన్లు చూస్తాడు. గుడివాడ నుంచి మిల్లు బాబాయ్, రైసుమిల్లు ఫిట్టరు. మూడోవాడు నాగాయలంక వైపు రొయ్యల చెరువుల మీద డీజిల్ ఇంజన్లూ ఏరియేటర్లూ చూసుకునే కుర్రాడు. నన్ను అన్నా అంటాడు, నా మాట వినడు.

మొదటిరోజు పరీక్ష జరిగింది. బోటు బావ రేడియేటరు నీళ్లలో వేలు ముంచి నాలిక మీద రాసుకున్నాడు. "ఉప్పు లేదు బావా, భయం లేదు" అన్నాడు. ఎక్కడ ఇంజను పాడైనా ఆయనకు సముద్రం మీదే అనుమానం. మిల్లు బాబాయ్ ఫ్యాను బెల్టు నొక్కి, "లూజుందబ్బాయ్" అని తేల్చేశాడు. మిల్లులో బియ్యం నూకైనా, మోటారు కాలినా, ఓనరుకు కోపం వచ్చినా కారణం బెల్టే. కుర్రాడు మాత్రం తల అడ్డంగా ఊపి, "గాలి అందడం లేదన్నా" అన్నాడు. రొయ్యకి ఏ రోగం వచ్చినా వాడు చెప్పేది అదే. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

మా బండి ఇంజను పేరు 497. బాబాయ్ దాని జాతకం చెప్పాడు: 4 సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు, అందుకే ఆ పేరట. పేరులోనే ఒళ్లు కొలత చెప్పుకునే ప్రాణి ఇంకోటి నాకు తెలియదు. టాటా వాళ్లు 407ని 1986లో దించారు. మాది ఆ తర్వాత ఎనిమిదేళ్లకు పుట్టింది. దాని వంశం అడిగితే బాబాయ్ ఇంకా వెనక్కి, 1954కి పోతాడు. టాటాలు జర్మనీ డైమ్లర్ బెంజ్ వాళ్లతో కలిసి లారీలు మొదలుపెట్టింది అప్పుడే. "బెంజి బంధుత్వంరా ఇది" అని బానెట్టు మీద తట్టాడు. తట్టినచోట తుప్పు రాలింది.

పాత బండి అంటే గుడివాడ మనిషి చైతన్యరథం దగ్గరికి రాకుండా ఉండడు. పాత షెవర్లే వ్యానును రిపేరు చేయించి రామారావుగారు రాష్ట్రమంతా తిరిగాడనీ, 1983లో గుడివాడలో గెలిచాడనీ, కాబట్టి మన 407కేం తక్కువనీ బాబాయ్ వాదన. మేం గ్యాస్కెట్టు మార్చి ధాన్యం తోలదలిచాం, పార్టీ పెట్టదలచలేదు అని చెప్పి టీ ఇచ్చాను.

హెడ్డు లేపడానికి ఇద్దరు మనుషులు చాలు. బాబాయ్ మాత్రం మిల్లు నుంచి చైన్ బ్లాకు తెచ్చి వాకిట్లో వేపకొమ్మకు తగిలించబోయాడు. మా అమ్మ అరుగు మీంచి లేవకుండానే, "ఒరేయ్, డెబ్బై ఏడు ఉప్పెనకే పడని చెట్టది. మీ ఇనప్ముక్క కోసం కొమ్మ విరిచారో, ఇంట్లో అన్నం లేదు" అంది. చైన్ బ్లాకు తిరిగి గోనెసంచిలోకి పోయింది.

విప్పిన ప్రతి సామానూ డీజిల్లో కడగాలి. అమ్మ బట్టలు నానేసే బేసిన్లు రెండు మాయమయ్యాయి. ట్యాంకులోంచి గొట్టంతో డీజిల్ లాగడం, కడగడం, నల్లబడగానే పాత డబ్బాలో పోసి మళ్లీ లాగడం. బోటు బావకి శుభ్రం ఎక్కువ. ఒక్కో నట్టునీ మూడుసార్లు కడిగాడు.

హెడ్డు వంకర తిరిగిందేమో చూసి ఫేసింగు కొట్టించాలి. తెలిసిన లేతు గుడివాడలో ఉంది. నేనూ కుర్రాడూ హెడ్డును పసుప్పచ్చ తువ్వాల్లో చుట్టి బస్సెక్కాం. కండక్టరు లగేజీ టిక్కెట్టు కొట్టాడు, న్యాయమే. మొవ్వ దిగాల్సిన ముసలమ్మ కూచిపూడి దాకా తువ్వాలునే చూస్తూ వచ్చి, "మోపిదేవి స్వామా నాయనా?" అనడిగింది. కాదమ్మా, సిలిండర్ హెడ్డు అనబోయాను. అప్పటికే ఆమె దాన్ని తాకి కళ్లకద్దుకుంది. చేతికి అంటిన గ్రీజు చూసుకుని, విభూతి ఇలా ఉందేమిటా అన్నట్టు మావైపు చూసింది. మేం కిటికీలోంచి కాలవ చూశాం.

ఇంటికొచ్చాక వాల్వులు. పుల్లకి రబ్బరు కప్పు ఉంటుంది. దాన్ని వాల్వుకి అంటించి, పేస్టు రాసి, రెండు అరచేతుల మధ్య పెట్టి కవ్వం చిలికినట్టు అటూ ఇటూ తిప్పాలి. సీటింగు చుట్టూ తెగకుండా సన్నటి బూడిదరంగు గీత వచ్చేదాకా వదలకూడదు. ఎనిమిది వాల్వులు, నాలుగు జతల చేతులు, ఒక మధ్యాహ్నం. ఈ నాలుగు రోజుల్లో మేం నోరు మూసుకుని చేసిన పని అదొక్కటే. బాగా కుదిరింది కూడా.

బోల్టుల దగ్గర మళ్లీ గొడవ. అన్నం అంచు నుంచి తినాలి గానీ హెడ్డు బోల్టులు నడిమి నుంచి అంచులకు బిగించాలి, అదీ విడతలుగా, టార్కు రించితో. బావ రించి వద్దంటాడు. "చేతికి తెలుస్తుంది" అంటాడు. ఆ చేతికి తెలిసిన లెక్కన బిగిస్తే బోల్టు తెగుతుందని రించి అద్దెకు తెచ్చాను.

నాలుగోరోజు సాయంత్రం సెల్ఫ్ కొట్టాం. తిరిగింది, అంటుకోలేదు. మళ్లీ కొట్టాం. బ్యాటరీ పడుకుంది. బావ నాజిళ్లన్నాడు, బాబాయ్ టైమింగన్నాడు. ఊళ్లో ట్రాక్టరు కట్టి కాలవగట్టు మీద అర కిలోమీటరు లాగించాం. పిల్లలు వెంటపడ్డారు, కుక్కలూ వచ్చాయి. బండి దగ్గనన్నా దగ్గలేదు. హెడ్డు మళ్లీ దింపాలని తీర్మానమై, పానాలు బయటికొచ్చాయి.

అప్పుడు అమ్మ వచ్చి, "ఆ నల్లనూనె ఎక్కడ పారబోయమంటార్రా? ఐదు డబ్బాలయింది" అంది.

ఎవరూ మాట్లాడలేదు. కుర్రాడు ట్యాంకు మూత తీసి లోపలికి ఊదాడు. ఖాళీ కుండలా పలికింది. ఉన్నదంతా నట్లు కడగడానికే పోశాం. గేజి ముల్లు సగం దగ్గర నిలబడి ఎన్నేళ్లయిందో, దాన్ని ఎవరు నమ్ముతారు? మేమే నమ్మాం.

"గాలన్నా" అన్నాడు కుర్రాడు. మొదటిరోజు చాలలేదన్న గాలి ఇప్పుడు ఎక్కువైంది. పైపుల్లో అంతా అదే. పది లీటర్ల డీజిల్ పోసి, ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, చేతిపంపు కొడుతూ కూర్చున్నాడు. బుసబుసమని నురగ, తర్వాత బుడగలు, తర్వాత తెగకుండా డీజిల్ ధార. స్క్రూ బిగించి, ట్రాక్టరు బ్యాటరీ తగిలించి కొడితే ఒక్క దెబ్బకి అంటుకుంది. నల్లటి పొగ అమ్మ ఆరేసిన చీర మీదుగా పోయింది. దాని సంగతి వేరే రాయాలి.

సార్వా ధాన్యమంతా ఆ బండి మీదే తోలాం. నీళ్లు ఉడకలేదు. గేజి ముల్లు మాత్రం ఇప్పటికీ సగం దగ్గరే ఉంది. సీటు వెనక ఒక వెదురుపుల్ల పెట్టుకున్నాం, ట్యాంకులో ముంచి చూశాకే తాళం తిప్పుతున్నాం.